తండ్రికి బదులు దగ్గిన తీగ

తెల్లవారగానే తమలపాకు తీగను తడిగుడ్డతో తుడవడం సుందరి దినచర్య. రాత్రంతా అది దగ్గిన సున్నం ఆకుల అడుగున పిండిలా పేరుకొని ఉండేది. ఆ పిండిని బయట పారబోయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. పిడుగురాళ్ల గాలిలో ఉన్నది చాలదా? రేకుడబ్బాలో పోసి, మూత బిగించి, తండ్రి మంచం కిందికి నెట్టేది. ఒకటి నిండితే మరొకటి.

తండ్రి యేసుపాదం బతుకంతా సున్నపుబట్టీల దగ్గరే గడిచింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు తేల్చిన ఏడాదే, కుండీలోని తీగ ఆయనకు బదులు దగ్గడం మొదలుపెట్టింది. పరామర్శకు వచ్చినవారు ముందు తీగవైపే తిరిగి, "ఈ పూట కాస్త నెమ్మదించిందా?" అని అడిగేవారు.

దుమ్ము రాకూడదని సుందరి ఆ గది కిటికీని మేకులు కొట్టి మూయించింది. తెలుపు చూస్తేనే కంటగింపై గోడలకు ముదురునీలం వేయించింది. ఆ చీకటికి తండ్రి అలవాటుపడ్డాడు, తీగ పడలేదు. ఆకులు పండి రాలసాగాయి. రాలిన ఆకు దగ్గవలసిన దగ్గు తిరిగి యేసుపాదానికే చేరేది. ఇంకెన్ని ఆకులున్నాయో చూడాలంటేనే ఆమెకు భయం.

బజారులో కరెంటు సామాన్ల కొట్టు అంతోనిది. చర్చి పరిచయంతో ఆమెకు బాబాయి వరస. చీకటిగదిలోని తీగకు వెలుగు కావాలని సుందరి అక్కడికి వెళ్లింది.

"ఆకు కోసమా, పూత కోసమా?" అని అంతోని రెండు ట్యూబులైట్లు బల్లమీద పెట్టాడు. "ఆకు పెరగాలంటే ఈ తెల్లకాంతిది. పూతకైతే ఈ పసుపుది."

"ఆకే బాబాయ్. దగ్గేది ఆకులేగా."

"అయితే తెల్లవి రెండు తీసకపో. ఇంటికప్పుకి బిగించేవు! తీగకి జానెడు ఎత్తున వేలాడదియ్యి. రాత్రికి ఆపెయ్యి, దానిక్కూడా నిద్ర గావాల."

"తెల్లదేనా? ఇంకో రంగు లేదా?"

"ఏందమ్మా, చీరల కొట్టుకొచ్చినట్టు! తీసకపో."

లైట్లు వెలిగాయి. పైఆకులు తేరుకున్నాయి. కానీ పక్కల ఆకులు, అడుగు ఆకులు రాలుతూనే ఉన్నాయి.

"ఆపెయ్యమ్మా వాటిని. పెళ్లి పందిట్లో పడుకున్నట్టుంది," అన్నాడు యేసుపాదం.

"నువ్వు మాట్టాడమాక నాన్నా, ఆయాసమొచ్చుద్ది."

ఆదివారం చర్చికి కట్టుకున్న తెల్లచీరను ఉతికి, బయట దుమ్ముకు జడిసి, ఆ గదిలోనే తీగ పక్కన దండెం మీద ఆరవేసింది. మరునాటికి చీరవైపున్న ఆకులు నిగనిగలాడుతూ లేచి నిలబడ్డాయి. గోడవైపున్నవి అలాగే వేలాడుతున్నాయి. సుందరి చాలాసేపు చూసింది. చీరమీద పడిన వెలుగు తీగకు తిరిగి వస్తోంది. నీలంగోడ మీద పడినది మరి రావడం లేదు. ఆ రంగు వేయించినది తానే.

"నాన్నా, గోడలకి..." దండెం మీది చీరను పక్కకు జరిపింది. "సున్నం కొట్టాల."

యేసుపాదం నవ్వాడు. తీగ దగ్గింది. "ఇన్నాళ్లూ ఆ పేరెత్తితే కొట్టొచ్చేదానివి గదే! కొనమాక. మంచం కింద ఉంది చూడు, అంతా నాదే."

తండ్రినీ తీగనూ ముందుగదిలోకి మార్చింది. డబ్బాలన్నీ కుండలో బోర్లించి నీళ్లు పోయగానే, అప్పుడే బట్టీలోంచి తీసినట్టు సున్నం కుతకుత ఉడికింది. బంక కలిపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని కుంచె పట్టింది. ఇది తిరిగి ఆయన ఛాతీలోకే పోతే? ప్రతి పూతకూ చేయి ఆగేది. అయినా నాలుగు గోడలూ పూర్తిచేసింది. ఆరాక ఇద్దరినీ మళ్లీ లోపలికి చేర్చింది.

మరునాడు తడిగుడ్డతో వచ్చేసరికి ఆ గదిలోంచి దగ్గు వినిపించలేదు. తీగదీ లేదు, తండ్రిదీ లేదు. తలుపు తోసింది.

గోడవైపు కణుపుల్లో కొత్త చిగుళ్లు. ఆకును తుడిచింది. గుడ్డకు ఏమీ అంటలేదు.

"తుడిచింది చాల్లే గాని, ఒకాకు తుంచి ఇటియ్యి," అన్నాడు మంచం మీదనుంచి యేసుపాదం.

"ఆకా? వద్దు నాన్నా, మళ్లీ..."

"అది దగ్గడంలా, నేను దగ్గడంలా. ఒక్కాకే. వక్కుందా ఇంట్లో? సున్నం నేను గోడమీంచి గీరుకుంటాలే."

ఆకు తుంచి ఆయన చేతిలో పెట్టింది. వక్క కోసం వెళుతూ గడప దగ్గర ఆగి, చెవి ఒగ్గింది. గోటితో గోడను గీరుతున్న చప్పుడు మాత్రమే వినిపించింది.