పడవ మీద తారీఖులు

ఆ ఊళ్లో పడవకి ఇంటావిడ పేరే పెడతారు. కొత్త పడవ నీళ్లలో దిగే రోజున దాని ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టేది కూడా ఆవిడే. గణేష్ పడవ మీద నీలం రంగుతో అతని భార్య పేరు 'సుభాషిణి' అని పెద్దక్షరాలుండేవి. రోజూ తెల్లారేసరికి పడవలు బాగుచేసే పోలేరయ్య ఒడ్డునున్న పడవలన్నీ తట్టి చూసి, పగులు కనబడినచోట ఫైబరు అతుకు వేసేవాడు. అతుకు పక్కన ఎర్రరంగుతో ఆ రోజు తారీఖు రాసేవాడు. తన పని ఎన్నాళ్లు నిలిచిందో తెలియాలని ఆయన పట్టుదల.

గణేష్ సుభాషిణిని చెంప మీద కొడితే పడవ ముక్కు పగిలేది. వీపు మీద గుద్దితే అడుగు పగిలేది. ఊరికిది కొత్త కాదు. "సుభాషిణికి మళ్లీ అతుకు పడింది" అనుకుని ఎవరి వలలు వాళ్లు సర్దుకునేవారు. పడవ మీద చూపిన శ్రద్ధ మనిషి మీద చూపితే ఆ ఊరి సొమ్మేం పోయేదో.

జూలైలో ఒకరోజు గణేష్, ఇల్లు తన పేరున ఉందనీ, కూతుర్ని తీసుకుని బయటికి నడవమనీ అన్నాడు. సుభాషిణి ఏడవలేదు. బస్సెక్కి టౌనుకి పోయి, రక్షణాధికారి నవోమి గారి ముందు కూర్చుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు గృహహింస చట్టం ఇస్తుందని ఆవిడ చెప్పింది. ఎప్పుడెప్పుడు కొట్టాడో తారీఖులు చెప్పమంది.

"దెబ్బలు తింటా క్యాలెండరు చూస్తామా మేడమ్?" అంది సుభాషిణి. అంతలోనే లేచి నిలబడింది. "ఉండాయి. పడవ మీద ఉండాయి."

నవోమి మర్నాడే వచ్చి పదకొండు అతుకుల్నీ ఫొటోలు తీసింది. పోలేరయ్య చెప్పిందంతా రాసుకుని సంతకం పెట్టించుకుంది.

కోర్టులో గణేష్ ధీమాగా నిలబడి, అవన్నీ సముద్రంలో రాళ్లు తగిలిన పగుళ్లన్నాడు. మేజిస్ట్రేటు గారిదీ సముద్రం పక్క ఊరే. పడవలెందుకు పగుల్తాయో ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఇందులో ఏడు మే నెలవి," అంది ఆవిడ ఫొటోలు తిరగేస్తూ. "మేలో వేట నిషేధం కదా. ఇసకలో ఉన్న పడవకి ఏ రాయి తగిలిందయ్యా?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వేటకి పోయేవాడు వేట నిషేధాన్నే మర్చిపోయాడు. అతను భార్య మీద చెయ్యి వేయకూడదనీ, ఆ ఇంటి గడప తొక్కకూడదనీ, తల్లీకూతుళ్లు అక్కడే ఉంటారనీ ఉత్తర్వు వచ్చింది.

ఆ మధ్యాహ్నం సుభాషిణి బస్సు దిగి నేరుగా ఒడ్డుకి నడిచింది. పదకొండు అతుకులూ ఊడి ఇసకలో పడున్నాయి. వాటి కింద పగుళ్లు లేవు. పడవ నున్నగా మెరుస్తోంది. ఆమెకి పట్టరాని సంతోషం వచ్చింది, దాచుకోనూ లేదు.

"పోలేరన్నా, ఇయ్యాళ్టి తారీఖు వెయ్యి," అంది.

పోలేరయ్య పడవంతా చేత్తో తడిమి చూశాడు. "యాడ వెయ్యాలమ్మా? పగులు యాడా లేదే."

"అందుకే వెయ్యన్నా."

ఆయన కుంచె తీసుకుని ఆమె పేరు పక్కనే, ఎప్పుడూ రాసేదానికంటే పెద్దగా రాశాడు.