నీలవ్వ సవారీ

పసుపు యార్డు నుంచి ఇంటికి వచ్చేసరికి నీలవ్వ మోకాళ్లు పట్టేసేవి. పొద్దంతా గొంతుకూర్చుని కొమ్ములు ఏరడమే పని. అయినా కాళ్లు కడుక్కోకముందే ఇంటి వెనక షెడ్డుకు పోవాల్సి వచ్చేది. అక్కడ చాందిని గోడను తంతూ ఉండేది.

చాందిని పెళ్లిగుర్రం. ఆర్మూరు, భీమ్‌గల్ పెళ్లికొడుకులను ఎందరినో మోసింది. దాన్ని సాకేది నీలవ్వ భర్త కాశీరాం. రోడ్డు మీద ఆరబోసిన మక్క గింజల్లో స్కూటీ జారి అతని తుంటి విరిగింది. అప్పటి నుంచి అతను కుర్చీలో, గుర్రం కట్టుకొయ్య దగ్గర. రోజూ తిప్పకపోతే దాని కాళ్లు వాస్తాయని పశువుల డాక్టరు చెప్పి పోయాడు. ధర్పల్లి నుంచి ఒకాయన కొంటానని వచ్చాడు. కాశీరాం తర్వాత ఫోన్ చేస్తానని చెప్పి పంపాడు. ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదు.

"నేనెక్కుత తియ్," అంది నీలవ్వ. ధైర్యంతో కాదు. ఆ ముఖం చూడలేక అంది.

మర్నాడు కాశీరాం ఇంటి పక్క ఖాళీ ప్లాటులో కుర్చీ వేయించుకున్నాడు.

"ముందుగాల ఎక్కుడు లేదు. ఎన్కకెల్లి పోకు, తంతది. ఎడమ భుజం దిక్కుకెల్లి మాట్లాడుకుంట పో."

కొన్నాళ్లు పగ్గం పట్టి నడిపించడమే సరిపోయింది. తర్వాత జీను కట్టడం నేర్పాడు. కడుపు కింది పట్టీ బిగించాక నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించమనేవాడు.

"ఊపిరి బిగవట్టి కడుపు ఉబ్బిస్తది. ఒక్కసారే బిగించి ఊకుంటే జీను జారి కింద వడ్తవ్."

ఎక్కే రోజు తన హెల్మెట్ ఇచ్చాడు. నీలవ్వ చీర కింద కూతురి పాత ప్యాంటు తొడుక్కుని, సిమెంటు గద్దె మీంచి ఎక్కింది. నేల చాలా దూరంగా కనిపించింది.

"కట్టె లెక్క కూసోకు. మడిమెలు కిందికి దించు. రికాబుల ముందుపాదమే వెట్టు. నిండ దూరిస్తే వడ్డప్పుడు కాలు ఇరుక్కుంటది. పగ్గం చేతికి సుట్టుకోకు."

"నడుము మాట జెప్పవేంది? గదే పోతున్నది," అంది నీలవ్వ.

అతను నవ్వబోయి, తుంటి నొప్పికి ఆగిపోయాడు.

ప్లాటులో తిరగడం అలవాటయ్యాక, ఒక పొద్దున పనికి పోయే ముందు ఆమె ఒక్కతే చెరువు దారి పట్టింది. దారి సగంలో పసుపు బస్తాల ట్రాక్టరు ఎదురైంది. బస్తాల మీద కప్పిన టార్పాలిన్ పట్టా గాలికి ఫటఫటా కొట్టుకుంది. చాందిని చెవులు వెనక్కి పోయాయి. గిర్రున తిరిగి పరుగందుకుంది.

 నీలవ్వ దాని మెడ పట్టుకుని ముందుకు వాలబోయింది. అలా వాలితే గుర్రం ఇంకా ఉరుకుతుందని కాశీరాం చెప్పింది గుర్తొచ్చి, వెనక్కి సర్దుకుని ఒక్కవైపు పగ్గమే లాగింది. చాందిని పక్కనున్న బీడులోకి తిరిగి, గుండ్రంగా చుట్టి, రొప్పుతూ నిలబడింది.

నీలవ్వ ముందు రెండు కాళ్లూ రికాబుల్లోంచి తీసి, మెల్లగా జారి దిగింది. పగ్గం పట్టుకుని ఇంటికి నడిచింది.

నడిచి వస్తున్న ఆమెను చూసి కాశీరాం కుర్చీలోంచి లేవబోయాడు.

"వడ్డవా?"

"వడలే. దిగిన."

"దెబ్బ దాకిందా?"

"లేదు."

అతను మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "గా ధర్పల్లాయనకు ఫోన్ జేద్దామా?"

"వద్దు. రేపెక్కుత. ఇయ్యాల నాతోటి గాదు."

గుర్రానికి జీను విప్పి, నీళ్లు పెట్టి, వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. హెల్మెట్ తీయాలనుకుంది గాని చెయ్యి లేవలేదు. అలాగే కళ్లు మూసుకుపోయాయి.

కాశీరాం పసుపు యార్డు మేస్త్రీ రాజేశ్వర్‌కు ఫోన్ చేశాడు. "నీలవ్వ ఇయ్యాల రాదన్నా."

"ఏమైంది? జరమా?"

"అలిసింది," అని, ఆమె లేవకుండా గొంతు తగ్గించి ఇంకోసారి అన్నాడు, "మస్తు అలిసింది."