మారెక్క చెంప

మారెక్క తట్టలోంచి ఒక పట్టుపురుగును రెండు వేళ్లతో తీసి చెంపకు ఆనించుకుంది. మంచుముక్కలా తగిలింది. ఇంకో తట్టలోంచి ఇంకోటి తీసింది. అదీ అంతే.

"అయ్యో, సలికి సచ్చిపోతాండారు కదమ్మా!" అంది పురుగులతోనే.

పట్టుపురుగుకు ఒంట్లో సొంత వేడి ఉండదు. గది ఎంత వెచ్చనో అదీ అంతే వెచ్చన. పొరపాటున కాలికింద పడితే కారేది ఎర్రటి నెత్తురు కూడా కాదు, లేత పసుపు నీళ్లు. అందుకే చలికాలంలో గదిలో కుంపటి పెడతారు. ఎంత నిప్పు వెయ్యాలో, ధర్మవరం దగ్గరున్న ఆ పల్లెలో మల్బరీ తోటలు వచ్చినప్పటినుంచీ మారెక్క చెంపే చెబుతోంది.

గంగాధరప్ప ఇంట్లో పురుగులు మేపడం ఆమె పని. పొట్టి మనిషి. ఆకు తరిగి తరిగి వేళ్లు నల్లబడ్డాయి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊరు ఆమె గురించి చెప్పుకునే మాట ఒక్కటే: మారెక్క చేతిలో పంట పోదు. ఆ మాటంటే ఆమెకు మహా ఇష్టం. ఎవరైనా అంటే "పోనీలేప్పా" అనేది, ఇంకోసారి అనిపించుకోవడానికి.

ఎనభైల మొదట్లో ఒక పుష్యమాసం అది. వానల్లేక వేరుశనగ మాడిపోయింది. బావిలో మిగిలిన కాసిని నీళ్లూ మల్బరీకే పెట్టారు. ఈ పురుగులు గూళ్లు కట్టకపోతే గంగాధరప్ప ఎద్దులు సంతకు పోవాల్సిందే.

మారెక్క కుంపట్లో ఇంకా బొగ్గులు వేసింది. కిటికీకి గోనెపట్టా కట్టింది. పళ్లు టకటకలాడుతుంటే కంబళి బిగించి కప్పుకుంది. రెండు మూడు రోజులుగా ఒళ్లు బాగాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా. ఈ ఏడు చలి ఎక్కువ, అంతే అనుకుంది.

మధ్యాహ్నం గంగాధరప్ప భార్య భద్రమ్మ ఆకుగంప ఎత్తుకుని తలుపు తీసింది. ఆవిరి మొహాన కొట్టింది.

"ఏమక్కా ఇది? గదా, పొయ్యా? పురుగులు ఆకు ముట్టకుండా తలలెత్తుకోనుండాయే!"

"సలికమ్మా. సూడు, ఎంత సల్లగుండాయో."

భద్రమ్మ ఒక పురుగును తీసి తన చెంపకు పెట్టుకుంది. వెచ్చగా ఉంది. వెంటనే మారెక్క నుదుటిమీద చెయ్యి వేసి చప్పున వెనక్కు తీసుకుంది.

"పురుగు సల్లగా లేదక్కా. నువ్వే కాలిపోతాండావు!"

మారెక్కకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నేలమీద కూలబడింది.

భద్రమ్మ కుంపటిని బయటికి మోసుకుపోయి వసారా మెట్టు పక్కన దింపింది. గోనెపట్టా పీకి, తడిపి, తలుపుకు వేలాడదీసింది. గంగాధరప్ప సైకిలెక్కి డాక్టరు కోసం ధర్మవరం పోయాడు. మారెక్కను వసారాలో చాప మీద పడుకోబెట్టారు.

"తింటాండాయా?" అని అడిగింది మారెక్క.

"ఇంకా లేదు."

"నేనే సంపితి," అని గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆమె ఏడవడం భద్రమ్మ అంతవరకూ చూడలేదు.

"ఊరుకోక్కా. జరం నీకొస్తే పురుగులకేం తెలుసు, నీకేం తెలుసు?"

పొద్దు గుంకేవేళకు గంగాధరప్ప ఇంకా తిరిగి రాలేదు గానీ, గదిలోంచి చిటపట మొదలైంది. ఆకు కొరికే చప్పుడు. వాన లేని ఆ ఏడాది, చినుకులు పడుతున్నట్టే వినిపించింది. భద్రమ్మ పరుగున పోయి ఒక తట్ట మోసుకొచ్చి చాప పక్కన పెట్టింది.

"వినక్కా! తింటాండాయి!"

మారెక్క వింది. చలి తగ్గింది, ఒళ్లంతా చెమట పట్టింది.

"ఒగటి నా చెంపకు పెట్టు."

భద్రమ్మ పెట్టింది. మారెక్క కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు సల్లగా లేదు. సరిగ్గా ఉండాది," అంది.

అమ్మయ్య, పురుగులకూ అక్కకూ గండం గడిచింది అనుకుంది భద్రమ్మ. లోపలికి పోయి తట్టలకు ఆకు వేసి, గంజి కాచి తెచ్చింది. పురుగు ఇంకా ఆ చెంపమీదే మెల్లగా పాకుతోంది. దాన్ని తీసి తట్టలో వేసి, లేపుదామని మారెక్క చెంప తట్టింది. పురుగెంత చల్లనో చెంపా అంతే చల్లన. గంజి గిన్నె చేతిలోనే ఉండగా భద్రమ్మ బావురుమంది.

వారానికి పురుగులన్నీ గూళ్లు కట్టాయి. మారెక్క చేతిలో పంట పోలేదు. ఎద్దులు కొట్టంలోనే ఉన్నాయి. గదిలో వేరే కుంపటి పెట్టుకున్నారు; ఎవరూ కదిలించని మారెక్క కుంపటి వసారా మెట్టు పక్కన, సగం కాలిన బొగ్గులతో, భద్రమ్మ దింపిన చోటే ఉంది.