తమిళ అక్షరాల్లో గుంటలాట

తమిళనాడు రాజపాళయంలో నూలుమిల్లు కంప్యూటర్లు చూసుకునే గురుస్వామి, తళవాయిపురంలో మంచం పట్టిన అక్క ధనభాగ్యం కోసం చిన్ననాటి గుంటలాటను ఆమె లినక్స్ లాప్‌టాప్‌లో ఆడేలా తయారుచేశాడు. గవ్వలు పట్టలేని ఆమె తెరమీద వేలు తాకిస్తే చాలు. ఎవరైనా పేరు కొట్టి, ఒక్క నొక్కుతో ఉచితంగా దించుకొనేలా దాన్ని లినక్స్ ఆటల స్టోర్‌లో ఉంచాడు. తెలుగు లిపిలో వామనగుంటలనీ, తమిళ లిపిలో పల్లాంగుళి అనీ పేర్లు చేర్చాడు.

అక్క ఫోన్ చేసింది. "ఒరే తంబీ, నీ ఆట యాడా కానమురా. ఓడిపోతానని దాచిపెట్టినావా?"

"ఒళుంగా, సరిగ్గా వెతుకక్కా, పేరు కొడితే వచ్చేస్తుంది. నాకు మిల్లులో పనుంది," అని విసుక్కున్నాడు.

ఆ వారమే ఆమె కన్నుమూసింది.

కర్మలు ముగిశాక గురుస్వామి ఆమె లాప్‌టాప్ తెరిచాడు. స్టోర్‌లో ఆమె వెతికిన మాటలు వరుసగా నిలిచి ఉన్నాయి. తొమ్మిదిసార్లూ ఒకటే మాట, గుంటలాట. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో తమిళమే నేర్చిన అక్క, ఆ తెలుగు మాటను తమిళ అక్షరాల్లో కొట్టింది. ప్రతిసారీ ‘ఏమీ దొరకలేదు’ అన్న జవాబే వచ్చింది. తానూ అక్కకు ఉత్తరాలన్నీ అలాగే, తమిళ అక్షరాల్లో తెలుగులోనే రాసేవాడు. ఏ పేరున పిలిచినా పలికే పెరుమాళ్ళను నిత్యం కొలిచే తనకు, ఆటకు ఇంట్లో పిలిచే ఆ పేరొక్కటే తోచలేదు.

ఆ మాటను చేర్చి, మళ్ళీ వెతికాడు. ఆట ఒక్క నొక్కుతో దిగింది. ఇద్దరి పేర్లూ తమిళ అక్షరాల్లో రాసి, మొదటి వంతు అక్కకు విడిచాడు.

తెరమీద గవ్వలు కదలలేదు.