వెనక నిలబడే మనిషి

"నువ్వు వెనక నిలబడి చెయ్యి ఊపితే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటాగా" అన్నాడు గార్త్, తాగిన కాఫీ కప్పు సింకులో పడేస్తూ. మార్లిస్ ఆ కప్పు కడిగి బోర్లించింది. ఇంకో అరగంటలో, లోపలే పడుకునే వీలున్న తమ బుల్లి ట్రైలర్‌ని కారు వెనక కట్టుకుని సరస్సుకి బయల్దేరాలి. ఏటా జూలైలో అక్కడ బుల్లి ట్రైలర్లవాళ్ళ జాతర జరుగుతుంది. ఈసారి స్టీరింగు తను పట్టుకుంటానని మొగుడు గార్త్‌కి చెప్పాలి. వారం రోజులుగా ఆ మాట నాలుక చివరిదాకా వస్తోంది, వెనక్కి పోతోంది. చెప్పాలనుకున్న ప్రతిసారీ గుండె దడదడమంటోంది. అది భయం మాత్రమే కాదని ఆమెకి తెలుసు. యాభై ఏడేళ్ళ మనిషికి ఇంత సంబరమేమిటని సిగ్గుగా కూడా ఉంది.

ఆ ట్రైలర్‌ని కనిపెట్టింది తనే. పదకొండేళ్ళ కిందట ఓ రైతు గోధుమ చేను పక్కన, చెట్ల వరసలో పడి ఉంది. పదమూడు అడుగుల ఫైబర్‌గ్లాస్ గుడ్డు, లోపల ఎలుకల కాపురం. "ఈ కోళ్ళగూడులో నన్ను పడుకోమంటావా?" అని నవ్వాడు గార్త్. ఆ ఏడాది చలికాలమంతా షెడ్డులో హీటరు పెట్టుకుని, చేతి తొడుగుల వేళ్ళు కత్తిరించుకుని, మార్లిస్ దాంతోనే గడిపింది. వాన కారుతున్న రివెట్లను ఒక్కొక్కటే తొలిచి తీసింది, కొత్తవి వేసింది. కిటికీలన్నీ ఊడదీసి, చుట్టూ జిగురుపట్టీ పరిచి మళ్ళీ బిగించింది. చక్రాల బేరింగులు విప్పి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, వాటి సందుల్లోకి ఎలా ఎక్కించాలో నేర్చుకుంది. అత్తగారు టీనా వచ్చి చూసి, "ఆ చేతుల్తోనేనా ఆదివారం రొట్టెకి పిండి కలిపేది? మావాడు ఇస్త్రీ లేని బట్టలతో చర్చిలో ఎలా కూర్చున్నాడో చూశావా తల్లీ" అంది. మార్లిస్ చేతులు కడుక్కుని ఇస్త్రీ చేసింది, మళ్ళీ షెడ్డులోకి వెళ్ళింది. ఎండాకాలం వచ్చి, ట్రైలర్ పాలమీగడలా మెరిసి, దారినపోయేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టాక, గార్త్ దాన్ని "నా ట్రైలర్" అనడం మొదలుపెట్టాడు.

జాతరలో శనివారం పొద్దున అందరూ తలుపులు బార్లా తీసిపెడతారు, ఎవరి ట్రైలర్లోకైనా ఎవరైనా ఎక్కి చూడొచ్చు. గార్త్ గుమ్మం దగ్గర నిలబడి, "ఈ కిటికీకి ఎంత తంటాలు పడ్డానో" అని చెబుతుంటాడు. మార్లిస్ లోపల రూబార్బ్ కేకు ముక్కలు కోసి పళ్ళేల్లో సర్దుతుంటుంది. చెడ్డవాడు కాదు గార్త్. అబద్ధం చెబుతున్నానని కూడా అతనికి తెలీదు, నిజంగానే తంటాలు పడినట్టు గుర్తు. వాటన్నిటికీ ఆమె సర్దుకుపోయింది. సర్దుకోలేకపోయింది నిరుటి సంగతికే. వచ్చిన ప్రతి ట్రైలరూ తన చోట్లోకి వెనక్కి దూరుతుంటే, ముందొచ్చినవాళ్ళు కుర్చీలేసుకుని, బీరు పట్టుకుని చూడటం అక్కడి వినోదం. గార్త్ కారు నడుపుతుంటే మార్లిస్ వెనక నిలబడి చెయ్యి ఊపింది. ఆమె ఇటు అంటే అతను అటు తిప్పాడు, ట్రైలర్ వెళ్ళి అక్కడున్న భోజనాల బల్లకి కొట్టుకుంది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావే? చెయ్యి ఊపడం కూడా చేతకాదా?" అని అందరి ముందూ అరిచాడు. కుర్చీల్లోవాళ్ళు నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఏడాదంతా తనని తాను తిట్టుకుంది.

ఆ సాయంత్రం డాగ్నీ వచ్చి పక్కన కూర్చుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మొగుడు పోయాక ఒంటరిగా ట్రైలర్ లాక్కుంటూ ఊళ్ళు తిరుగుతుంది. "నువ్వు చెయ్యి సరిగ్గానే ఊపావ్. చూశాన్లే" అంది. తర్వాత ఓ పళ్ళెం తీసి మార్లిస్ చేతికిచ్చి, దాన్ని స్టీరింగు అనుకోమంది. "కింది అంచు పట్టుకో. ట్రైలర్ ఎటు పోవాలో, చెయ్యి అటు జరుపు. అంతేనమ్మాయ్. మగాళ్ళు దీన్ని పెద్ద మంత్రంలా దాచిపెట్టారు."

ఈ ఏడాది మంచు కరిగిన దగ్గర్నుంచి మంగళవారాలన్నీ మార్లిస్‌వే అయ్యాయి. గార్త్ స్నేహితుడి ట్రక్కెక్కి కబుర్లకి వెళ్ళగానే, ఆమె ట్రైలర్ కట్టుకుని చలికాలం మంచు మీద కర్లింగ్ ఆట ఆడే క్లబ్బు వెనక ఖాళీ స్థలానికి పోయేది. ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలు వరసగా పేర్చి, వాటి మధ్య వెనక్కి వెళ్ళడం నేర్చుకుంది. మొదటి రోజు ఆరు డబ్బాలు నుజ్జయ్యాయి. నాలుగో మంగళవారం ఒక్కటీ పడలేదు. కారు దిగి, ఎవరూ లేరని చూసుకుని, ఆ స్థలం మధ్యలో చిన్నపిల్లలా గెంతింది. ఇంటికొచ్చి ట్రైలర్‌ని పాత చక్రాల గుర్తుల మీదే నిలబెట్టి, పొయ్యి మీద బంగాళదుంపలు పడేసింది.

ఇప్పుడు గార్త్ ట్రైలర్‌ని కట్టేశాడు. కారు వెనకున్న ఇనప గుండు మీద ట్రైలర్ మూతి కూర్చోబెట్టి, గడియ వేసి, గొలుసులు తగిలించి చేతులు దులుపుకున్నాడు. మార్లిస్ ముందుకొచ్చి జాకీ పిడి పట్టుకుంది. గడియ వేశాక జాకీతో మూతిని పైకెత్తి చూడాలి. సరిగ్గా పట్టుకుని ఉంటే దాంతోపాటు కారు వెనకభాగం కూడా లేస్తుంది. ప్రతిసారీ ఆమె చేసే పనే అది, ప్రతిసారీ అతను విసుక్కునేదే.

"మళ్ళీ మొదలెట్టావా? నేను కట్టానంటే కట్టినట్టే" అన్నాడు.

"నిమిషం పని."

"అసలు నా మీద నమ్మకం లేదే నీకు!"

ఆమె జాకీ తిప్పింది. కారు కదల్లేదు. ట్రైలర్ మూతి మాత్రం గుండు మీంచి టోపీలా తేలిగ్గా పైకి లేచింది. అడుగున గుండుని పట్టుకోవాల్సిన దవడ దాన్ని పట్టుకోనే లేదు, మూతి ఉత్తినే పైన ఆనుకుని ఉంది. అలాగే పెద్దరోడ్డెక్కి ఉంటే మొదటి గతుకులోనే ఊడేది. ఇద్దరూ ఆ గుండు వంక చూశారు. గార్త్ ముఖం పాలిపోయింది.

మార్లిస్ అరవలేదు. గడియ తీసింది, మూతిని నెమ్మదిగా దించింది, వంగి కిందనుంచి వేలు పెట్టి తడిమి చూసింది, గడియ వేసింది. జాకీ తిప్పితే ఈసారి కారు వెనకభాగం బుద్ధిగా లేచింది. జాకీని పూర్తిగా పైకి తీసేసి, చెయ్యి చాపింది.

"తాళాలివ్వు."

"ఎందుకు?"

"నేను నడుపుతా."

"నువ్వా? ట్రైలర్‌తోనా?" అతను మళ్ళీ గుండు వంక చూసి, జేబులోంచి తాళాలు తీసి ఇచ్చాడు.

ఇన్నాళ్ళూ పక్క సీటులోంచి చూసిన రోడ్డే, ఇవాళ కొత్తగా ఉంది. ఆవపూల పొలాలు రెండువైపులా పసుపు పరిచి ఉన్నాయి. అద్దంలో తన తెల్లగుడ్డు గునగునా వెంట వస్తోంది. "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటున్నాడు గార్త్. అతన్ని బెదిరించకుండా నెమ్మదిగానే పోయింది కానీ, గొంతెత్తి పాడాలనిపించింది. కాసేపటికి పాడింది కూడా. అతను వింతగా చూశాడు.

సరస్సు దగ్గర కుర్చీలు అప్పుడే పరిచి ఉన్నాయి. మార్లిస్‌ని స్టీరింగు దగ్గర చూడగానే తలలన్నీ ఇటు తిరిగాయి. డాగ్నీ మాత్రం బీరు డబ్బా పైకెత్తింది. గార్త్ గబగబా దిగి ట్రైలర్ వెనక్కి పరుగెత్తాడు. ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి కదా. మార్లిస్ చెయ్యి స్టీరింగు కింది అంచుకి జార్చింది. ట్రైలర్ చెప్పినట్టు విని తిరగడం మొదలుపెట్టింది. రెండు చెట్ల మధ్య చోటు అద్దంలో చక్కగా తెరుచుకుంది, అంతలోనే ఆ అద్దం నిండా గార్త్ వచ్చాడు. రెండు చేతులూ గాల్లో ఊపుతూ, "ఎడమకి! ఎడమకి! అయ్యో, అటు కాదు!" అని అరుస్తున్నాడు.

ఆమె బ్రేకు మీద కాలు పెట్టింది. కిటికీ అద్దం దించి తల బయటపెట్టింది. కుర్చీల్లోవాళ్ళందరూ వింటున్నారు. కసురుకోలేదు, నవ్వలేదు. మామూలుగానే చెప్పింది.

"గార్త్, పక్కకి జరుగు. నువ్వు అడ్డంగా ఉంటే నాకు దారి కనపడట్లేదు."