పచ్చ చుక్క కింది మట్టి

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. మట్టిలోకి దించి, మెలితిప్పి పైకి లాగితే నా కడుపు నిండా మట్టి వస్తుంది. నా పని అంతే. ఇంత చిన్న పనిలో అంత తికమక ఎందుకుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

నేను ఒక లేత్ షాపులో పుట్టాను. మేస్త్రీ నా ఒంటి మీద నాలుగు వేళ్ల లోతు దగ్గర ఒక గీత గీశాడు. మొదట నన్ను కొన్న వ్యవసాయ కాలేజీవాళ్లు, ఈ మట్టిలో ఏం పండుతుందని అడిగేవాళ్లు. తర్వాత హిమజ మేడం చేతికొచ్చాను. ఆమె హైదరాబాద్ బస్తీల్లో తిరుగుతూ, ఈ మట్టిలో సీసం ఎంతుందని అడుగుతుంది. సీసం ఒంట్లో చేరితే పిల్లల బుద్ధి మందగిస్తుందట. ల్యాబ్ వాళ్లు లెక్క చెప్పాక ఆమె పటం మీద చుక్క పెడుతుంది. విషమున్న చోట ఎరుపు, లేని చోట ఆకుపచ్చ.

రేకుల బస్తీలో ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. అక్కడి మట్టి నల్లగా ఉంటుంది. తీసిన చోటల్లా ఎర్ర చుక్కే పడింది. అంగన్‌వాడీ వాకిట్లో మాత్రం నాకు ఎర్రమట్టి దొరికింది. అప్పుడే అలికిన వాకిలి, కొత్త ముగ్గు. ముగ్గు చెరపకుండా మేడం నన్ను పక్కగా, గీత వరకే దించింది. పద్ధతి అదే. వారం తర్వాత అక్కడ పచ్చ చుక్క పడింది. నల్లమట్టికి ఎర్ర చుక్క ఏమిటో, ఎర్రమట్టికి పచ్చ చుక్క ఏమిటో నా బుర్రకెక్కలేదు. ఆ పటం బస్తీలో అంటించాక మనుషులకు మాత్రం సంతోషమైంది.

వానలు వెళ్లాక మళ్లీ అక్కడికే వెళ్లాం. పోయినసారి పదిమంది కూడా లేని వాకిట్లో ఇప్పుడు నలభై మంది పిల్లలు. ఇంతమంది ఎక్కడివాళ్లని ఆయా బాలామణిని అడిగింది మేడం.

"మీ పటంల ఈడ పచ్చ సుక్క పడ్డది గదా మేడం. మట్టి మంచిగున్నదని బస్తీ మొత్తం పిల్లల్ని ఈడికే తోలుతున్నరు. నా మనవరాలు గూడ పొద్దుగూకేదాక ఈ మట్టిలనే ఆడుతది." బాలామణి మొహం వెలిగిపోతోంది. "అప్పుడు మీరొస్తున్నరని నేనే ఎర్రమట్టి తెప్పించి పోయించిన. సుట్టాలొస్తుంటే వాకిలి గట్లనే ఇడుస్తమా?"

మేడం నన్ను సంచిలోంచి తీసింది. మొదటిసారి నన్ను గీత దాటించి, పిడి దాకా దించింది. పైకి లాగితే పైన కాస్త ఎరుపు, కిందంతా నలుపు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మర్యాద చేసిన బాలామణి మీదా, పద్ధతి తప్పని మేడం మీదా, చెప్పిన చోట ఆగిపోయిన నా మీదా?

"మంచిగనే ఉన్నది గదా మేడం?" అంది బాలామణి.

మేడం బకెట్టు నీళ్లు తెప్పించి, ముందు ఆ మనవరాలి చేతులు కడిగింది. నీళ్లు మొదట ఎర్రగా, తర్వాత నల్లగా పోయాయి. ఆ చిన్న వేళ్లు నాకంటే ముందే అక్కడిదాకా తవ్వాయి.