సంక్రాంతి దాటిన మంచు

మా ఊళ్ళో చలికాలమంటే చలికి ఎవరూ భయపడరు, మంచుకు భయపడతారు. తెల్లవారుజామున పెన్న మీద నుంచి మంచు లేచి చేలను కప్పేస్తే పది బారల అవతల మనిషి కనపడడు. కాపు కాసి నరికేవాడికి అంతకంటే ఏం కావాలి? అందుకే పార్టీ తగాదాల్లో ఇరుక్కున్న ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. క్రిస్మస్‌కు పది రోజుల ముందు నుంచి సంక్రాంతి వరకు, ఎండ పొడ తగిలేదాకా మగవాళ్ళు గడప దాటరు. వాటిని మంచు దినాలు అనేవాళ్ళు. సొంత పిల్లల పుట్టినరోజులు చెప్పలేనివాళ్ళకు కూడా ఆ తేదీలు కంఠతా వచ్చు.

నేను జ్ఞానప్రకాశాన్ని, మిషన్ స్కూల్లో సైన్సు టీచర్ని. నా తమ్ముడు దేవదానం ప్రొద్దుటూరులో శనగల మండీలో కాటా వేసేవాడు. వాడికి ఏ పార్టీతోనూ పని లేదు. రెండేళ్ళ క్రితం జమ్మలమడుగు బస్టాండులో పట్టపగలు ఒకణ్ణి నరుకుతుంటే చూశాడు, చూశానని పోలీసులకు చెప్పాడు. ఆ రోజు బస్టాండులో రెండు వందల మంది ఉన్నారు. కళ్ళున్నది మాత్రం మావాడొక్కడికే! ఫిబ్రవరి పన్నెండున వాడు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అప్పటిదాకా ప్రాణంతో ఉండాలి, మాకు కావలసింది అంతే. చచ్చినవాడి పార్టీ వాళ్ళు మంచు దినాల్లో వాడికి ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టారు. కనుమ మరుసటి రోజు ఆ ఇద్దరూ చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు.

పదకొండేళ్ళుగా నేను రోజూ పొద్దున్నే స్కూలు వరండాలో థర్మామీటరు చూసి, మంచు పట్టిందా లేదా, ఎన్ని గంటలకు విడిచింది అని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మొదట్లో అంతా పెద్దవాళ్ళు చెప్పినట్టే ఉండేది. ఊరికి ఎగువన రిజర్వాయరు నిండిన ఏడాది నుంచి లెక్క తప్పింది. డిసెంబరులో చలి సరిగ్గా దిగడం లేదు, ఆ చలి జనవరి ఆఖరుకు జరిగింది. అప్పటికి పగటి ఎండ ముదిరి, అంత నీటి మీద నుంచి ఆవిరి లేస్తుంది. రాత్రి నేల చల్లబడగానే ఆ ఆవిరంతా మంచై దిగుతుంది. నాలుగేళ్ళుగా మంచు కొత్త సంవత్సరం వచ్చాకే మొదలై ఫిబ్రవరి రెండో వారం దాకా ఉంటోంది.

ఈ మాట టీ బంకు దగ్గర చెబితే బంకు గఫూర్ పగలబడి నవ్వాడు. "సారు మంచుకు గూడా అటెండెన్స్ ఏస్తాండాడప్పా!" అన్నాడు.

తమ్ముడికి చెప్పాను, ఫిబ్రవరి దాటేదాకా మొదటి బస్సు ఎక్కొద్దని.

"ఏందిన్నా నువ్వు? నాయన కాలంలో లేని మంచు నీ పుస్తకంలో పడతాందా? కొత్త శనగలు వస్తాండాయి. ఇంగా ఆలస్యంగా వస్తే పనిలోకి రావద్దంటాండాడు సేటు" అన్నాడు వాడు.

"బావ ఊరికే చెప్తాడా? ఆ మాట ఇను" అంది మరదలు విమల. వాడు వినలేదు.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అందులో తమ్ముడి మీద బెంగ సగమే. నా పదకొండేళ్ళ రాతను పూచికపుల్లలాగా తీసిపారేశారన్న ఉక్రోషం మిగతా సగం.

జనవరి ఇరవైన ఈశ్వరయ్య స్కూలుకు వచ్చాడు. పక్క ఊరి మనిషి, కూతురు గౌరి నా క్లాసులోనే ఉంది. బస్టాండు హత్య కేసులో మొదటి ముద్దాయికి స్వయానా మేనమామ. అది తెలిసే కుర్చీ వేశాను, పిల్లల తండ్రులతో నాకు రాజకీయాలెందుకని.

"మామిడి పూతకు మందు కొట్టాల సార్. మంచు పడితే మందు నిలవదు. ఈ ఏడు మంచు యాందాక ఉంటాదో మీకు తెల్సంట గదా?" అన్నాడు చేతులు కట్టుకుని.

నోటుబుక్కు తీశాను. రిజర్వాయరు గురించి చెప్పాను, బోర్డు మీద బొమ్మ గీశాను. అతను కదలకుండా విన్నాడు.

"శానా దట్టంగా ఎప్పుడు పడతాది సార్?"

"ఫిబ్రవరి మూడు నుంచి ఓ వారం. ఐదున్నరకు పట్టిందంటే ఏడున్నర దాకా విడవదు" అన్నాను.

"ఇంత చదువు ఈడ పెట్టుకోని ఊరోళ్ళు మిమ్మల్ని నవ్వులాటకు పట్టిస్తాండారు సార్" అని దండం పెట్టి వెళ్ళాడు. నేను పొంగిపోయాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఈశ్వరయ్యకున్నది నాలుగెకరాల మెట్ట, అందులో మామిడి చెట్టన్నది ఒక్కటీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ రోజు గుర్తుకే రాలేదు.

ఫిబ్రవరి ఐదున మంచు దట్టంగా పట్టింది. విమల చెయ్యి పట్టుకుని ఆపినా వదిలించుకుని, దేవదానం ఆరు గంటల బస్సుకు రోడ్డు మీదికి బయలుదేరాడు. మంచు ఏడున్నరకు విడిచింది. అప్పుడు కనిపించాడు, పొద్దుతిరుగుడు చేని గట్టున బోర్లా పడి. ఊరికీ రోడ్డుకూ మధ్య అర మైలు కూడా లేదు. ఒక్క కేక కూడా ఎవరికీ వినపడలేదట.

నాయకులు కార్లలో వచ్చి దండలు వేశారు, శాంతి గురించి మాట్లాడారు. సంక్రాంతి పోయాక ఇంత మంచు పడుతుందని నరికినవాళ్ళు మాత్రం ఎలా అనుకుంటారు, నా కొడుకులకు కాలం కలిసొచ్చింది అన్నాడు ఎస్సై. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

పులివెందుల నుంచి విమల పుట్టింటివాళ్ళు వచ్చాక పెట్టెను సమాధుల దొడ్డికి తీసుకుపోయాం. మట్టి వేసేటప్పుడు విమల వచ్చి నా కాళ్ళ మీద పడింది.

"నువ్వు నెత్తీ నోరూ కొట్టుకోని చెప్తివి గదా బావా! ఇంత ఊర్లో నీ మాట ఇన్నోడు ఒగడన్నా లేకపాయ గదా!"

ఒకడు విన్నాడమ్మా, శ్రద్ధగా విన్నాడు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. నేను అందరితో పాటు ఆమేన్ అన్నాను.